సంఘంలో పేదవారిపట్ల పక్షపాతం లేకుండా నడుచుకోవడం ఎలా

బైబిలులో యాకోబు రాసిన పత్రిక (లేఖ) రెండవ అధ్యాయంలో ఒక క్రైస్తవ సంఘకూటం కనిపిస్తుంది. బంగారు ఉంగరమూ ప్రశస్త వస్త్రాలూ ధరించిన ఒకరు, మురికి బట్టలతో ఉన్న మరొకరు లోపలికి వస్తారు. మొదటివారికి మంచి చోటు చూపిస్తారు, రెండవవారిని నిలబడమనో పాదపీఠం దిగువన కూర్చోమనో చెబుతారు. యాకోబు దీనిని మర్యాదలోపంగా తీసిపారేయలేదు, తొమ్మిదవ వచనంలో పాపమనే అన్నాడు. ఆ పని చేసినవారు దేవుణ్ణి ఎరుగనివారు కారు, ఆరాధనకు కూడుకున్న విశ్వాసులే. పక్షపాతం మనసులో పుట్టినా, అది సంఘంలో నిలిచిపోయేది ఏర్పాట్ల వల్ల: ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరి పేరు చదువుతారు, ఎవరి మాట మీద నిర్ణయం జరుగుతుంది అనే వాటి వల్ల. కాబట్టి ప్రేమ గురించి మరొక ప్రసంగం చేసేముందు సంఘ పెద్దలు ఈ ఏర్పాట్లను సరిచేయాలి.

ముందుగా కొన్ని వారాలపాటు ఎవరికీ ప్రకటించకుండా గమనించండి. కొత్తగా వచ్చినవారిలో ఎవరిని పలకరించారు, ఎవరు మాట్లాడేవారు లేక వెళ్లిపోయారు? వాక్యం చదవమని, ప్రార్థన చేయమని ఎవరిని పిలుస్తున్నారు, ఊడ్చి కుర్చీలు వేసే పని ఎప్పుడూ ఎవరి మీద పడుతోంది? జబ్బుపడినప్పుడు ఏ ఇంటికి సంఘ కాపరి అదే రోజు వెళ్లారు, ఏ ఇంటికి ఆలస్యంగా వెళ్లారు? ఈ సంగతులను కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే జ్ఞాపకం మనకు అనుకూలమైనదానినే దాచుకుంటుంది. పేద విశ్వాసుల అభిప్రాయాన్ని కూడా అడగాలి కాని, వారికి సహాయం పంచేవారే ఆ ప్రశ్న అడగకూడదు. సహాయం ఆగిపోతుందన్న భయం ఉన్నచోట "మాకేమీ ఇబ్బంది లేదు" అన్న జవాబే వస్తుంది. ఏ అధికారమూ లేని, వారు నమ్మే విశ్వాసి ఒకరు వెళ్లి మాట్లాడడం మేలు.

కూర్చునే చోటును సరిచేయడం అన్నిటికంటే తేలిక. ఇంగ్లాండులోనూ అమెరికాలోనూ 19వ శతాబ్దంలో కూడా అనేక సంఘాలు ఆరాధనలో కూర్చునే బల్లలను అద్దెకిచ్చేవి. డబ్బు కట్టలేనివారు వెనుకనో పక్కలనో సర్దుకునేవారు. 1860లో అమెరికాలో ఏర్పడిన ఫ్రీ మెథడిస్టు సంఘం ఈ అద్దెను తిరస్కరించి, ఎవరైనా ఎక్కడైనా ఉచితంగా కూర్చోవచ్చని నిర్ణయించింది. నేడు అద్దె లేకపోయినా ముందు వరుస కొందరిదే అన్న అలవాటు ఎన్నో చోట్ల మిగిలి ఉంది. వృద్ధులకు, వికలాంగులకు, చంటిబిడ్డల తల్లులకు తప్ప మరెవరికీ చోటు ప్రత్యేకించకండి. ఆలస్యంగా వచ్చిన ప్రముఖుడి కోసం అప్పటికే కూర్చున్నవారిని లేపకండి. డిడస్కాలియా అనే మూడవ శతాబ్దపు సిరియా సంఘ నియమావళి, పేదవారు వచ్చినప్పుడు చోటు లేకపోతే బిషప్పు తానే నేలమీద కూర్చోవలసి వచ్చినా సరే వారికి చోటు కల్పించాలని చెబుతోంది. సంఘ కాపరులు ఈ ఒక్క మాటను ఆచరణలో పెట్టినా సంఘమంతా అది గమనిస్తుంది.

కానుకల విషయంలో మరింత గట్టిగా ఉండాలి. ఇచ్చినవారి పేర్లు, మొత్తాలు చదవడం, గోడలమీద రాయించడం మానేయండి. కానుకను ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కించి, మొత్తాన్ని మాత్రమే సంఘానికి తెలియజేయాలి. ఎవరు ఎంత ఇచ్చారన్నది కాపరికి తెలియకపోవడమే మంచిది, ఎందుకంటే తెలిసిన తరువాత అందరినీ ఒకేలా చూడడం చాలా కష్టం. బీద విధవరాలు రెండు కాసులు వేసిన సంగతిని చూపి పేదవారిని ఇంకా ఇమ్మని ఒత్తిడి చేసేవారు, మార్కు సువార్త 12వ అధ్యాయాన్ని కాస్త ముందునుండి చదవాలి: విధవరాండ్ర ఇళ్లను దిగమింగే శాస్త్రులను (యూదుల ధర్మశాస్త్ర బోధకులను) యేసు గద్దించిన మాటలు దానికి ముందే ఉన్నాయి. అలాగే, పనివారి కూలి బిగబట్టినవారి పొలాలనుండి ఆ కూలి మొరపెడుతోందని యాకోబు 5:4 చెబుతుంది. పనివారికి జీతం ఎగవేశారని తెలిసిన వ్యక్తి పెద్ద కానుకతో వస్తే, దానిని పుచ్చుకోకముందే పెద్దలు ఆయనతో ఏకాంతంగా మాట్లాడి, ముందు ఆ బకాయి తీర్చమని చెప్పాలి. ఇది చెప్పలేని సంఘం వేషధారణ గురించి బోధించడం వృథా.

సహాయం పంచే చోట పక్షపాతం ప్రేమ రూపంలోనే వస్తుంది కనుక దానిని పట్టుకోవడం కష్టం. సహాయం అందుకుంటున్నవారి ఫోటోలు తీయకండి. కృతజ్ఞతగా వేదిక ఎక్కి సాక్ష్యం చెప్పమని అడగకండి. ఆకలితో ఉన్నవారి ఆరాధన హాజరు లెక్కచూడకండి. ఎవరికి, ఎంత, ఏ కారణంతో ఇవ్వాలన్న నియమాన్ని ముందే రాసిపెట్టుకుంటే పెద్దల బంధువులకే ముందుగా అందుతోందన్న అనుమానానికి తావుండదు. అయితే నియమం ఒక్కటే చాలదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, అనుదిన పరిచర్యలో, అంటే రోజువారీ సహాయ పంపిణీలో, తమ విధవరాండ్రను చిన్నచూపు చూశారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు ఆ ఫిర్యాదును అవిశ్వాసంగా కొట్టివేయలేదు, ఫిర్యాదు చేసినవారిని గద్దించనూ లేదు. సంఘమంతటినీ పిలిచి, ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని నీకొలాసు వరకు ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. నష్టపోయిన పక్షంవారి చేతికే పంపిణీ బాధ్యత వెళ్లిందని దీనినిబట్టి అర్థం చేసుకోవచ్చు. నేటి సంఘంలో ఈ మాదిరిని అనుసరించడమంటే, సహాయ నిధిని చూసే కమిటీలో పేద కుటుంబాలవారు సమాన ఓటుతో కూర్చోవడం, లెక్కలు వారి ముందు తెరవడం. వారిని సలహా అడిగి పంపేసి, నిర్ణయం మరోచోట తీసుకుంటే ఏర్పాటు మారినట్టు కాదు.

ప్రభు బల్ల (యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) దగ్గర, విందుల్లో పాటించవలసినది పౌలు కొరింథీయులకు సూటిగానే చెప్పాడు: ఒకరు ఆకలితో ఉండగా మరొకరు మత్తులో ఉండడం దేవుని సంఘాన్ని తిరస్కరించి, లేనివారిని సిగ్గుపరచడమే. కనుక ఒకరికోసం ఒకరు కనిపెట్టుకొని, అందరూ కలిసి, ఒకే వరుసలో, ఒకే భోజనం చేయండి. పెళ్లికి, సమాధి కార్యక్రమానికి కూడా కుటుంబ స్థితిని చూడకుండా కాపరి అదే సిద్ధపాటుతో వెళ్లాలి.

సంఘ క్రమశిక్షణ దగ్గరే అసలు పరీక్ష ఎదురవుతుంది. పేదవాడు తప్పు చేస్తే అందరి ముందూ గద్దించి, ధనవంతుడు అదే తప్పు చేస్తే ఇంటికి వెళ్లి మెల్లగా మాట్లాడే పద్ధతిని పూర్తిగా వదిలేయాలి. లేవీయకాండము 19:15 రెండు వైపులనుండీ హెచ్చరిస్తుంది: బీదవాడని పక్షపాతం చూపకూడదు, గొప్పవాడని అభిమానం చూపకూడదు. జాలితో పేదవారి తప్పును చూడనట్టు ఊరుకోవడం కూడా వారిని మనతో సమానులుగా లెక్కించకపోవడమే. ఆరోపణ వచ్చినప్పుడు సాక్షుల సంఖ్య, విచారణకు ఇచ్చే గడువు, మందలింపు స్థాయి అందరికీ ఒక్కటే కావాలి. పెద్దల మీద వచ్చిన ఆరోపణలను కూడా పక్షపాతంతో ఏమీ చేయకుండా విచారించాలని మొదటి తిమోతి 5:19-21 ఆదేశిస్తుంది.

ఈ మార్పులు మొదలుపెట్టగానే కలిగినవారిలో కొందరు నొచ్చుకుంటారు. వారిని అవమానించకండి, వేదికమీద ఎత్తిపొడవకండి. లూకా సువార్తలోని సుంకరి జక్కయ్య ధనవంతుడే, యేసు ఆయన ఇంట బసచేశాడు, జక్కయ్యే లేచి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ధనికులైన విశ్వాసులకు కూడా ఊడ్చే పని, వడ్డించే పని, రోగులను చూసే పని వరుసప్రకారం అప్పగించండి. చాలామంది సంతోషంగానే చేస్తారు, అడిగినవారు లేకనే దూరంగా ఉండి ఉంటారు. ఎవరైనా కానుక ఆపేస్తానని బెదిరిస్తే, లొంగిపోకుండా ఉండేందుకు బడ్జెట్టును ముందే సిద్ధం చేసుకోవాలి. సంవత్సరారంభంలో పేదల నిధిని మొదట పక్కనపెట్టి, ఆ తరువాతే భవనానికి, అలంకరణకు, సౌండ్ సిస్టమ్‌కు కేటాయించండి. రాబడి తగ్గితే కోత చివరి వాటినుండి మొదలుపెట్టి, ఏ ఖర్చు తగ్గించారో సంఘమంతటికీ చదివి వినిపించండి.