సూర్యమిత్ర శిక్షణకు దరఖాస్తు ఎలా చేయాలి?

ఇళ్లపై సోలార్ ప్యానెళ్లు బిగించడం నేర్పే ఉచిత శిక్షణ సూర్యమిత్ర. దాని అవసరం ఎందుకొచ్చిందో ముందు చూద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే పెట్టుబడి కూడా రాదని అక్కడ పిల్లవాడిని అడిగినా చెబుతాడు. అదే ఎండను నమ్ముకుని ఎన్పీ కుంటలో, పక్కనే ఉమ్మడి కర్నూలులోని గని, శకునాల గ్రామాల దగ్గర సోలార్ పార్కులు వెలిశాయి. కర్నూలు పార్కు ఒక్కటే 1,000 మెగావాట్లు. అయితే పార్కు కట్టేటప్పుడు ఉన్నంత పని, కట్టాక ఉండదు. ఇళ్లపై ప్యానెళ్లు బిగించే పని అలా కాదు, ఊరూరా ఉంటుంది. ఇళ్లపై సోలార్ పెట్టించేందుకు 2024లో మొదలైన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ లక్ష్యమే కోటి ఇళ్లు.

ఆ పని నేర్పేదే సూర్యమిత్ర. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ 2015లో ప్రారంభించింది, గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ నడుపుతుంది. 600 గంటలు, అంటే దాదాపు మూడు నెలలు. ఫీజు లేదు, ఉండటం, తినడం కూడా ఉచితమే. కాబట్టి "సీటు ఇప్పిస్తా, పదివేలు ఇవ్వు" అనే వాళ్లకు దూరంగా ఉండండి.

పదో తరగతి పాసై, ఐటీఐలో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, ఫిట్టర్ లాంటి ట్రేడ్ చేసి, 18 ఏళ్లు నిండి ఉండాలి. డిప్లొమా వాళ్లూ పెట్టుకోవచ్చు. బీటెక్ చేసినవాళ్లకు ఇది కాదు. పల్లెటూరి నిరుద్యోగులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఉంటుంది.

సూర్యమిత్ర పోర్టల్‌లో అభ్యర్థిగా రిజిస్టర్ అయి, రాబోయే బ్యాచ్‌లు చూసి, దగ్గరి సెంటర్‌కు అప్లై చేయాలి. ఫామ్ నింపడం పది నిమిషాల పని. అసలు టెన్షన్ పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఈ తేడాను ముందే మీసేవలోనో ఆధార్ సెంటర్‌లోనో సరిచేయించుకోండి. మెమో, ఐటీఐ సర్టిఫికెట్, కులధ్రువీకరణ, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు ఒక కవరులో పెట్టుకోండి. అప్లై చేసి ఊరుకోకుండా సెంటర్‌కు ఒకసారి ఫోన్ చేయడం మంచిది. బ్యాచ్‌కు 30 మందినే తీసుకుంటారు.

క్లాసుకు డుమ్మా కొట్టకండి. ఇంటి వైరింగ్‌లో మెయిన్ ఆపేస్తే కరెంటు పోతుంది. ఎండలో ఉన్న ప్యానెల్‌కు అలా కుదరదు, వెలుతురు పడుతున్నంతసేపు దాని వైర్ల మధ్య వోల్టేజీ ఉంటూనే ఉంటుంది. పాత ఎలక్ట్రీషియన్లు తడబడేది ఇక్కడే.

చివర్లో పరీక్ష, పాసైతే సర్టిఫికెట్. అది రాగానే పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో వెండర్ల (ప్యానెళ్లు బిగించే సంస్థల) జాబితా తెరిచి, మీ చుట్టుపక్కల ఉన్న వెండర్లకు పని కోసం ఫోన్ చేయడం మొదలుపెట్టండి.