సంఘ నిర్మాణం చదువుకుందాం – 4వ పాఠం: సభ్యుడు ఎవరు?

పోయిన పాఠంలో తీర్మానాన్నీ, దాని మీద నడిచిన చర్చనూ విడదీసి చదివాం. ఈసారి ఒకే నియమం పట్టుకుందాం. ఏ నిబంధనావళి చేతికొచ్చినా ముందు సభ్యత్వ నియమం తీయండి. సభ్యుడు ఏం చెయ్యాలి, ఎవరికి జవాబు చెప్పాలి, చెయ్యకపోతే అడిగేదెవరు?

1903లో రష్యన్ సోషల్ డెమొక్రాటిక్ లేబర్ పార్టీ రెండో మహాసభ బ్రస్సెల్స్‌లో మొదలై లండన్‌లో ముగిసింది. నియమావళి మొదటి క్లాజు, అంటే సభ్యుడు ఎవరన్న నియమం దగ్గరే ఆ పార్టీ నాయకులు లెనిన్, మార్తోవ్ విడిపోయారు. కార్యక్రమాన్ని ఒప్పుకోవాలి, ఆర్థికంగా ఆదుకోవాలి అన్నంతవరకు పేచీ లేదు. ఆ పైన, ఏదో ఒక పార్టీ సంస్థలో స్వయంగా పాల్గొనాలన్నాడు లెనిన్. ఏదో ఒక సంస్థ ఆధ్వర్యంలో క్రమం తప్పకుండా సహకరిస్తే చాలన్నాడు మార్తోవ్. సమ్మెలోకి దిగిన ప్రతి కార్మికుడూ తాను పార్టీవాణ్ణని చెప్పుకోగలగాలని మార్తోవ్ ఆశ. మాటలు చెప్పేవాళ్లనూ పని చేసేవాళ్లనూ వేరు చెయ్యకపోతే, జారు పోలీసుల నీడలో పార్టీ నిలవదని లెనిన్ భయం.

ఆ ఓటింగులో గెలిచింది మార్తోవే, 28–22తో. చాలామంది ఇది తప్పు చెబుతారు. తర్వాత బుంద్ (యూదు కార్మికుల సంస్థ) ప్రతినిధులూ మరి ఇద్దరూ వెళ్లిపోయాకే లెనిన్ పక్షానికి మెజారిటీ వచ్చింది; బోల్షెవిక్ (మెజారిటీవాడు) అన్న పేరు అక్కడిది. 1904లో లెనిన్‌ను విమర్శిస్తూ సోషలిస్టు నాయకురాలు రోజా లక్సెంబర్గ్ వేసిన ప్రశ్న నాకు ఇప్పటికీ బరువైనదే: అన్నీ కేంద్రమే నిర్ణయిస్తే కింది కార్మికుల చొరవ ఏమవుతుంది?

మన దగ్గర చూడండి. నిజాం పాలనలో కమ్యూనిస్టులు తెలంగాణ తెలుగువాళ్ల ప్రజాసంస్థ అయిన ఆంధ్ర మహాసభలో ఉండి పనిచేశారు. 1944 భువనగిరి సభకు కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. ఊళ్లో జనానికి అది ‘సంఘం’. లోపల గట్టి పార్టీ, చుట్టూ విశాలమైన సంఘం. మొదటి క్లాజు తగువుకు తెలంగాణ పల్లెల్లో దొరికిన జవాబు అదే అనుకుంటాను. పార్టీ నిర్ణయాన్ని సంఘంలోని రైతు ఎంతవరకు మార్చగలిగాడన్నదే అసలు పరీక్ష.

అభ్యాసం: మీకు తెలిసిన ఆటో యూనియన్‌దో, భవన నిర్మాణ కార్మికులదో సభ్యత్వ రసీదు ఒకటి అడిగి తీసుకోండి. చందా, తేదీ, సంతకం ఉంటాయి. ఆ మనిషి ఏ కమిటీలో కూర్చుంటాడో, ఏ మీటింగులో ఓటేస్తాడో ఉందా? లేకపోతే యూనియన్ నిబంధనల్లో వెతికి, దొరికిన వాక్యాన్ని నోట్‌బుక్‌లో ఎత్తి రాయండి. 5వ పాఠంలో దాన్నే తీసుకుని, నాయకత్వాన్ని వెనక్కి పిలిచే హక్కు గురించి చదువుదాం.