కొట్టుకుపోయిన పొలాన్ని మళ్ళీ దారిలోకి తెచ్చుకోవడం ఎలా?

మాకు ఆనందపురం అవతల ఎకరంపావు మెరక ఉంది, ఎర్ర గరప నేల, మేము వైజాగ్‌లో ఉండి శని ఆదివారాలు వెళ్ళొస్తుంటాం. ఒక మే నెలలో ఎంతో ఉత్సాహంగా నాలుగు ట్రాక్టర్ల గత్తం (పశువుల పెంట ఎరువు) తోలించి చల్లించా, జూన్‌లో మొదటి పెద్ద వానకి వెళ్ళి చూస్తే గట్టు తెగిన చోట నీళ్ళు చిక్కటి టీ రంగులో పోతున్నాయి. పక్క పొలం పెదనాన్న గొడుగేసుకుని నిలబడి "ఏటి బాబూ అలాగ సూస్తన్నావు, నీ గత్తమే ఎల్లిపోతంది, ముందు గట్టెయ్యాల గానీ" అన్నాడు. నేను చేసింది తలకిందుల పని అన్నమాట, ఆ వరస మీరు తప్పకూడదనే ఇదంతా రాస్తున్నా.

ముందు ఎంత పోతోందో లెక్కేసుకోండి

ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయిందంటే నాలుగు క్యూబిక్ మీటర్లు, బరువులో దగ్గర దగ్గర అయిదున్నర టన్నులు. మిల్లీమీటరు అంటే ఏటీఎం కార్డు మందం కంటే కాస్త ఎక్కువ, అంతే, కంటికి తెలీనే తెలీదు. సరైన గట్టు లేని వాలు నేలలో నాలుగైదేళ్ళలో 5 మిల్లీమీటర్లు పోయిందనుకోండి, 27 టన్నుల మట్టి, సేంద్రియ కర్బనం (కుళ్ళిన ఆకు, పేడ నుంచి నేలలో మిగిలే సారం) అర శాతం ఉన్న నేలైతే దాంతోపాటు సుమారు 13 కిలోల నత్రజని, అంటే 45 కిలోల యూరియా బస్తాలో సగం పైనే. ఇక్కడే మనం మోసపోయేది, యూరియా బస్తా సబ్సిడీలో 266 రూపాయలకే వస్తుంది కాబట్టి పోయింది నూటడెబ్బై ఎనభై రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ నీళ్ళతో ముందు పోయేది సన్నటి బంకమట్టీ, కుళ్ళిన ఆకు మట్టీ, తడి పట్టి ఉంచేది అవే, అవి ఏ షాపులోనూ బస్తాల్లో దొరకవు. మిగిలేది ఇసుక, గులకరాళ్ళు. దేశం మొత్తం మీద 2014-15లో నేలలు పాడవడం, భూ వినియోగం మారడం వల్ల 3.17 లక్షల కోట్ల రూపాయలు, జీడీపీలో రెండున్నర శాతం దాకా నష్టమని ఢిల్లీలోని టెరీ అనే పరిశోధన సంస్థ 2018లో లెక్క కట్టింది, అంత పెద్ద అంకె మనకి ఊహకి అందదు గానీ అందులో మన గట్టు తెగిన డబ్బులు కూడా ఉన్నాయి.

ఇంకో నష్టం మనం చేతులారా చేసుకునేది. మాకు ఒకాయన "మూల కొంచెం ఎత్తుగా ఉంది, ఫ్రీగా లెవెల్ చేసిస్తాం" అని జేసీబీ దింపి 10 సెంట్లలో అడుగు లోతు మట్టి ఏదో లేఅవుట్ ఫిల్లింగ్‌కి పట్టుకెళ్ళిపోయాడు. సెంటుకి అడుగు లోతు అంటే 435 ఘనపుటడుగులు, ట్రాలీకి వంద చొప్పున వేసుకున్నా నలభై పైన లోడ్లు. ఫ్రీ ఎవరికో అర్థమైంది కదా. సిటీ చుట్టుపక్కల పొలం ఉన్నవాళ్ళు ఈ మాట వినగానే నో చెప్పేయండి.

స్టెప్ 1: నీటికి బ్రేక్ వేయండి

మన దగ్గర ఏడాది వాన వెయ్యి మిల్లీమీటర్ల పైనే, అదీ జూన్ నుంచి నవంబర్ మధ్యలోనే ఎక్కువ, తుఫాను వచ్చిందంటే ఒక్క రోజులోనే బోలెడు. నీళ్ళు ఎలా పారితే మట్టి ఎలా పోతుందో చూడాలంటే భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూడండి, వాన నీరు అక్కడ నిలువునా లోయల్లా కోసేసింది, టూరిస్టులకి అందమే గానీ పొలంలో ఆ ఆకారం మొదలైతే అందం ఏమీ ఉండదు.

వాలు కంటితో అంచనా వేయకండి, తాపీమేస్త్రీలు లెవెల్ చూసే నీళ్ళ ట్యూబు ఉంటుంది కదా, దాంతో ఒకే ఎత్తులో ఉన్న చోట్ల మేకులు దిగేసి ముగ్గుపిండితో గీత గీయండి, గీత వంకరగా వస్తుంది, రానివ్వండి, గట్టు ఆ గీత మీదే వేయాలి, అందం కోసం సరళరేఖలో వేస్తే పల్లం దగ్గర నీళ్ళు చేరి తెంపేస్తాయి. గట్టు అడుగున్నర ఎత్తు, పై వాలు వైపు చిన్న కందకం, ఎక్కువైన నీళ్ళు పోవడానికి ఒక చోట రాళ్ళు పేర్చి దారి. ఈ రాళ్ళ దారి మాత్రం మానకండి, మొదటిసారి నేను మానేశా, సెప్టెంబర్ వానకి మళ్ళీ తెగింది. గట్టు మీద వట్టివేరు గానీ కంది గానీ, సందుల్లో గ్లిరిసీడియా అనే పచ్చిరొట్ట చెట్టు కొమ్మలు గుచ్చండి, దాని ఆకు తర్వాత పొలంలోకి పనికొస్తుంది. దున్నడం ఎప్పుడూ వాలుకి అడ్డంగానే. ట్రాక్టర్ డ్రైవర్‌కి టర్నింగులు తక్కువని నిలువుగా దున్నేస్తాడు, దగ్గరుండి చూసుకోవాలి.

స్టెప్ 2: మట్టి టెస్టు

ఎండాకాలంలో, ఎరువులేవీ వేయకముందు, పొలంలో జిగ్‌జాగ్‌గా ఎనిమిది పది చోట్ల పైన చెత్త తీసేసి వీ ఆకారంలో ఆరంగుళాల గుంట తీసి పక్క గోడ నుంచి ముక్క తీసుకోండి. చెట్టు కింద, గట్టు పక్కన, గత్తం కుప్ప ఉన్న చోట వద్దు. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలోకి తెచ్చి నీడలో ఆరబెట్టి గుడ్డ సంచీలో ఇవ్వండి, పాత యూరియా సంచీలో వేస్తే రిజల్టు గోవిందా. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో ఎక్కడ ఇవ్వాలో చెప్తారు.

రిపోర్టులో ముందు చూడాల్సింది సేంద్రియ కర్బనం, 0.5 శాతం లోపైతే తక్కువ, 0.75 దాటితే బాగున్నట్టు. తర్వాత పీహెచ్, లవణాల లెక్క. సముద్రం వైపు పొలాల్లో చవుడు అనగానే జిప్సం కొనేస్తారు, ఆగండి, జిప్సం పనిచేసేది పీహెచ్ 8.5 దాటిన క్షార నేలలకి, ఉత్త ఉప్పు నేలైతే మంచినీళ్ళు నిలగట్టి మురుగు కాలవలోకి కడిగేయడమే, దాంట్లో జిప్సం దండగ.

ల్యాబ్ లేకుండా చేసేది ఒకటుంది. ఎండిన మట్టిగడ్డ ఒకటి గాజు గ్లాసు నీళ్ళలో మెల్లగా వదలండి. మాది అర నిమిషంలో పొంగి విడిపోయి అడుగున బురదైపోయింది. పెదనాన్న గట్టు కింద, ఏళ్ళ తరబడి గడ్డి ఉన్న చోటు గడ్డ మాత్రం నేను టీ తాగి వచ్చినా అలాగే ఉంది, చుట్టూ నీళ్ళు కూడా తేటగానే. రెండూ ఒకే ఎర్రమట్టి, తేడా అంతా గడ్డి వేళ్ళూ కుళ్ళిన ఆకూ పట్టి ఉంచడంలోనే.

స్టెప్ 3: గట్టి పొర

వాన పడ్డ రెండో రోజు ఇనుప చువ్వ గుచ్చండి, అయిదారంగుళాల దగ్గర టక్కున ఆగితే రోటవేటర్ దెబ్బ, ప్రతిసారీ అదే లోతులో తిప్పడంతో కింద మట్టి గట్టిపడిపోయిందన్నమాట. మూడేళ్ళకోసారి ఆ పొరని లోతుగా చీల్చే ఛీజిల్ నాగలి వేయించండి, చాలు.

స్టెప్ 4: ఇప్పుడు మేత

తొలకరికి పచ్చిరొట్ట ఎరువు కోసం ఎకరానికి 10-12 కిలోల జనుము చల్లి (పల్లం, ఉప్పు ఉన్న చోట జీలుగ) 45 రోజులకి పూత మొదలవగానే కలియదున్నేయాలి. ఇంకా ఆగితే కాడ నారైపోయి కుళ్ళదు. పది రోజులు వదిలి తర్వాత పంట వేసుకోండి, మెరకైతే చోడి (రాగి) నాట్లో, ఉలవలో. బాగా మాగిన గత్తం ఎకరానికి నాలుగైదు టన్నులు. చెరకు ఆకు, గడ్డి కాల్చకండి, నేల మీదే పరిచేయండి.

జీవామృతం గురించి అడుగుతారు, 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి, నేనూ వేస్తా. కానీ అది తోడు లాంటిది. గిన్నెలో పాలే లేకుండా తోడేస్తే పెరుగెక్కడ నుంచి వస్తుంది, నేలలో ఆకూ అలమూ ఉంటేనే దానికి పని. ఇదొక్కటే చాలు అనే వీడియోలు చూసి గత్తం మానేయకండి.

బస్తా ఎరువులు ఆఖర్న, అవీ రిపోర్టులో ఎంత చెబితే అంతే. మళ్ళీ రెండు మూడేళ్ళకి అదే నెలలో, అవే చోట్ల మట్టి తీసి టెస్టు చేయిస్తేనే తేడా తెలుస్తుంది.

ఆ 10 సెంట్ల మూలకి మాత్రం ఎండాకాలంలో చెరువు పూడిక మట్టి తోలించా, మూడో ఏడు జనుము మిగతా పొలంలో నా ఛాతీ దాకా వచ్చింది, అక్కడ ఇంకా మోకాలు దాటలేదు.