పైపు పగిలితే బకెట్ కంటే ముందు మెయిన్ స్విచ్

నల్గొండలో మా ఇంట్లో పోయిన ఎండాకాలం బాత్రూం గోడలో పైపు పగిలింది, పొద్దున లేచేసరికి పడకగదిలో చెప్పులు తేలుతున్నాయి. అందరం బకెట్లు పట్టుకుని ఉరికాం, అదే తప్పు. ముందు పొడి చోట నిలబడి మెయిన్ స్విచ్ దించాలి. బోర్డు దగ్గర నీళ్లుంటే ముట్టుకోకుండా కరెంటోళ్లను పిలవండి. తర్వాత మిద్దె మీద ట్యాంకు గేట్‌వాల్వ్ కట్టేయాలి. మాది ఏళ్లుగా తిప్పక, బోరు నీళ్ల ఉప్పు పట్టి బిగుసుకుపోయింది, మీది ఇవాళే ఒకసారి తిప్పి చూడండి.

బియ్యం సంచులు, పరుపులు, బీరువా కింది అరలోని కాగితాలు వెంటనే పైకి.

పగిలిన పైపు సీపీవీసీది (వేడినీళ్లకూ తట్టుకునే ప్లాస్టిక్) అయితే, అతికించడానికి సీపీవీసీ గమ్మే వాడాలి. డబ్బా మీద రాసినంతసేపు ఆగి, నీళ్లు వదిలి, అతుకు కారట్లేదని చూశాకే గోడ పూడ్పించండి. మేస్త్రి తొందరపెడతాడు, వినొద్దు.

తడి గోడకు లప్పం, రంగు వేస్తే పొక్కులే. ఉబ్బిన లప్పం గీకేసి, కిటికీలు తెరిచి పెట్టండి, వైరింగ్ చూపించాక ఫ్యాన్లు వేయండి. గోడకు ప్లాస్టిక్ కవరు నాలుగు వైపులా టేపుతో అంటించి మర్నాడు చూస్తే, లోపల చెమట పట్టిందంటే ఇంకా ఆరనట్టే. మాకు నెల పైనే పట్టింది.