వాట్సాప్‌లో "అర్జంటుగా డబ్బు పంపు" అని మెసేజ్ వస్తే ఏం చేయాలి?

మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ల ఫోన్‌కి ఏ ఇబ్బంది వచ్చినా నా దగ్గరికే తెస్తారు. చాలాసార్లు అది వాట్సాప్ మోసమే. సెట్టింగులన్నీ బాగానే పెట్టుకుంటారు, తీరా అసలు చోటికి వచ్చేసరికి మొహమాటపడి డబ్బు పంపేస్తారు. అందుకే సెట్టింగుల సంగతి త్వరగా చెప్పేసి, ఆ ఒక్క చోట ఆగుతాను.

1. సెట్టింగులు

ఇది పది నిమిషాల పని. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళ్లి టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, ఆరంకెల పిన్ పెట్టుకోండి. పుట్టినతేదీ వద్దు. పిన్ డైరీలో రాసుకోవాలి, ఫోన్‌లో కాదు. ప్రైవసీలో ప్రొఫైల్ ఫోటోనూ గ్రూపుల అనుమతినీ 'మై కాంటాక్ట్స్'కి మార్చండి. లింక్డ్ డివైజెస్‌లో మీది కాని కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే లాగౌట్ చేయండి.

2. ఫైళ్లు, కోడ్‌లు

పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ అంటూ వచ్చిన ఫైలు పేరు చివర 'ఏపీకే' (.apk) అని ఉంటే అది శుభలేఖా కాదు, చలానా కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేసి, అది అడిగిన పర్మిషన్లు ఇచ్చేస్తే మీ ఓటీపీలు అవతలివాడికి చేరిపోతాయి. చలానా ఉందో లేదో పోలీసుల ఈ-చలానా వెబ్‌సైట్‌లో బండి నంబర్ కొట్టి చూసుకోండి. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చినా తెరవద్దు, వాళ్ల ఫోనే దొంగల చేతిలో ఉండొచ్చు. "పొరపాటున నా కోడ్ నీకొచ్చింది, కాస్త పంపు" అని ఎంత దగ్గరివాళ్లు అడిగినా ఇవ్వకూడదు. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన ఆ ఆరంకెలు మీ వాట్సాప్‌కి తాళంచెవి.

3. డబ్బు అడిగినప్పుడు

ఇక్కడ నిదానంగా చదవండి.

ఒకరోజు మధ్యాహ్నం పన్నెండింటికి మా పిన్నికి కొత్త నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది. డీపీలో డల్లాస్‌లో ఉండే మా తమ్ముడి ఫోటో. ఫోన్ పోయిందని, ఇది కొత్త నంబర్ అని, ఫ్రెండ్ వాళ్ల నాన్న హాస్పిటల్లో ఉన్నారని, 85 వేలు ఈ ఖాతాకి వేయమని, రేపే తిరిగి పంపేస్తానని. పిన్ని యూపీఐలో అంకెలు కూడా కొట్టేసింది. పిన్ కొట్టబోయేంతలో బాబాయి పిలిస్తే లేచింది, మనసు ఆగక నాకు ఫోన్ చేసింది.

"వాడికే చేయొచ్చు కదా పిన్నీ?" అన్నాను.

"అక్కడ అర్ధరాత్రి దాటింది కదరా, పొద్దున్నే ఆఫీసుంటుంది. నిద్ర చెడగొట్టడం ఎందుకని..."

దొంగకి కావాల్సింది సరిగ్గా ఆ మొహమాటమే. వెళ్లి మెసేజ్ చూశాను. 'మామ్' అని మొదలైంది. వాడు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి 'అమ్మా' తప్ప మరోలా పిలవలేదు. పిన్ని దాన్ని నాలుగుసార్లు చదివిందట. కంగారులో కన్ను అక్కడ ఆగలేదు.

కాబట్టి నిద్ర లేపండి. మెసేజ్ వచ్చిన నంబర్‌కి కాదు, మీ దగ్గర ముందునుంచీ ఉన్న పాత నంబర్‌కి చేయండి. వాట్సాప్ కాల్ కాదు, మామూలు కాల్. ఖాతానే దొంగ చేతికి పోయి ఉంటే వాట్సాప్ కాల్ కూడా వాడికే మోగుతుంది. ఐఎస్‌డీ ఖర్చు చూసుకోవద్దు. ఎత్తకపోతే కోడలికో రూమ్మేట్‌కో చేయండి. ఎవరూ దొరకకపోతే దొరికేదాకా రూపాయి కదలకూడదు.

గొంతు విన్నంత మాత్రాన నమ్మేయొద్దు. ఇప్పుడు గొంతును కంప్యూటర్‌తో అనుకరించగలుగుతున్నారు. పైగా కొరియర్ పేరుతో ఏదో నంబర్ కొట్టించి, మనవాళ్ల కాల్స్ తమకు వచ్చేలా ఫార్వర్డ్ పెట్టించుకునే మోసం కూడా ఉంది. అందుకని ఇంటి ప్రశ్న ఒకటి అడగాలి. పుట్టినరోజు, చదివిన స్కూలు పనికిరావు, అవి ఫేస్‌బుక్‌లో దొరుకుతాయి. చిన్నప్పుడు తాతయ్య ఏమని పిలిచేవాడు, పాత ఇంట్లో ఉట్టి ఎక్కడ వేలాడేది, అలాంటివి కావాలి. మా ఇంట్లో అందరం కూర్చుని ఒక ప్రశ్న ముందే అనుకున్నాం. మీరూ ఈ ఆదివారం అనుకోండి.

అక్షరదోషాలు చూసి పట్టేయొచ్చని చాలామంది చెబుతారు. ఆ సలహా నాకు నచ్చదు. ఈమధ్య నేను చూసిన మెసేజ్‌లలో తెలుగు శుభ్రంగా ఉంటోంది. నంబర్ ఎవరిదో చూపించే యాప్‌లనూ నమ్మలేం, అక్కడ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. ఫోన్ చేయడాన్ని మించిన పద్ధతి నాకు ఇంతవరకూ కనబడలేదు. "ఫోన్ చేయకు, మీటింగ్‌లో ఉన్నా", "నాన్నకి చెప్పకు" అన్న మాట కనిపిస్తే ఇక సందేహమే లేదు, వెంటనే నాన్నకి చెప్పండి.

పోలీసు యూనిఫాంలో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అన్నా ఇదే వరస. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధాని కూడా రేడియోలో ఈ మాటే చెప్పారు. కాల్ కట్ చేసి ఇంట్లోవాళ్లని పిలవండి.

4. డబ్బు పోతే, ఖాతా పోతే

సిగ్గుపడి సాయంత్రం దాకా దాచొద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాత బ్యాంకుకి. దొంగ ఆ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి తిప్పేస్తాడు, అంతకుముందే ఫిర్యాదు అందితే మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. లావాదేవీ నంబర్, అవతలి ఖాతా వివరాలు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. కోపంతో చాట్ డిలీట్ చేయొద్దు, అదే మీ సాక్ష్యం. తర్వాత ఎవరైనా ఫోన్ చేసి ఫీజు కడితే డబ్బు వెనక్కి తెప్పిస్తామంటే వాళ్లూ దొంగలే.

కోడ్ ఇచ్చేసి ఖాతా పోగొట్టుకుంటే, మీ ఫోన్‌లో వాట్సాప్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి మీ నంబర్‌తో రిజిస్టర్ చేయండి. కొత్త కోడ్ కొట్టగానే అవతలివాడి ఫోన్‌లో లాగౌట్ అవుతుంది. వాడు ఈలోపు టూ-స్టెప్ పిన్ పెట్టేసి ఉంటే మీరు లోపలికి వెళ్లడానికి ఏడు రోజులు ఆగాల్సి వస్తుంది. అప్పటిదాకా ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బంధువుల గ్రూపులో పెట్టించండి: ఆ నంబర్ నుంచి డబ్బు అడిగితే ఇవ్వొద్దని.