ఏటిలో దిగేముందు సోలు చూసుకోండి

జూన్ మధ్యకల్లా మా రాయగడ వైపు కొండల మీద వానలు మొదలవుతాయి. నాగావళిలోకి కొత్తనీరు దిగిన నాలుగు రోజులకే అటకల మీదున్న విసురు వలలు, గాలాలు కిందికి వస్తాయి. వల చిరుగులు కుట్టుకోవడానికీ, సీసపు గుళ్లు సరిచూసుకోవడానికీ, ఎర కోసం వానపాములు తవ్వుకోవడానికీ ఎంత పొద్దయినా వెచ్చిస్తాం. కాలికి వేసుకునేది మాత్రం గుమ్మం దగ్గర ఏది కనిపిస్తే అదే. ఏట్లో మనుషులు పడటం నేను చూసినన్నిసార్లూ కారణం చాలావరకు ఆ గుమ్మం దగ్గరే మొదలైంది.

నాలుగేళ్ల కిందట భాద్రపదంలో నేనూ పడ్డాను. గేదె వీపంత నల్లటి బండ, పైన పొడిగా ఉంది. నీటి అంచు నుంచి జానెడు కిందికి గోధుమరంగు పాచి, ఆరిన గంజిపొరలా పలుచగా పట్టి ఉంది. నీళ్లు పిక్కల దాకా కూడా లేవు. కుడికాలు ఆ పొర మీద ఆనిన క్షణంలోనే కిందున్నాను. ఎడమచెయ్యి మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు కట్టుకుని తిరిగాను. ఇంటికొచ్చాక నా రబ్బరు చెప్పు తిరగేసి చూస్తే మడమ దగ్గర గీతలన్నీ అరిగిపోయి గాజుపలకలా మెరుస్తోంది. ఆ చెప్పుతోనే అంతకుముందు రెండు వానాకాలాలు ఏటిలో దిగానంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ముందు మన రాళ్ల సంగతి తెలియాలి. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఒక రాయికి ఖొండలైట్ అని పేరు. ఈ కొండల్లో ఉండే కోంధుల పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు దానికి ఆ పేరు పెట్టారు. అది ఎండకూ వానకూ త్వరగా చివుకుతుంది. చివికినచోట చేత్తో తడిమితే గరుకుగా ఇసుక తగులుతుంది, అక్కడ మామూలు రబ్బరు సోలు కూడా చక్కగా పట్టుకుంటుంది. చార్నోకైట్ అనే రాయి వేరు. ముదురు రంగుది, గట్టిది, నీరు ఏళ్ల తరబడి రాసి రాసి నున్నగా చేసినది. నన్ను పడేసింది అలాంటి బండే. మీరు వల విసిరే రేవులో ఏ రాయి ఎక్కువో ఒకసారి చేత్తో తడిమి తెలుసుకోండి. రాయిని బట్టే సోలు.

ఏటిలో నిలబడి చేపలు పట్టేవాళ్ల కోసమే బూట్లు తయారయ్యే దేశాలున్నాయి. ఈకలతో, దారాలతో పురుగులా కట్టిన తేలికపాటి ఎరను బరువైన తాడు సాయంతో నీటి మీదికి విసిరే పద్ధతిని ఫ్లై ఫిషింగ్ అంటారు. మన దేశంలో కశ్మీరులోనూ, హిమాచల్‌లోని తీర్థన్ లోయలోనూ ట్రౌట్ చేపల కోసం అలా పడతారు. మనం పట్టే వాలుగ, జెల్లలకు ఆ పద్ధతి అక్కరలేదు గానీ ఆ బూట్ల వెనుకున్న ఆలోచన మనకు పనికొస్తుంది. వాటికి సోళ్లు ప్రధానంగా మూడు రకాలు.

ఒకటి ఫెల్టు. ఉన్నినో పాలిస్టర్ పోగులనో దట్టంగా అదిమి చేసిన మందపాటి బట్ట అది. పాచి పొరలోకి ఆ పోగులు దూరి కిందున్న రాయిని పట్టుకుంటాయి. నున్నటి తడిబండ మీద దీనికి మించింది లేదని ఎక్కువమంది ఒప్పుకుంటారు. జపాన్‌లో కొండవాగుల వెంట పైకెక్కేవాళ్లు పూర్వం ఎండుగడ్డితో అల్లిన చెప్పులు వేసుకునేవారు, సూత్రం అదే. అయితే ఫెల్టు బురదలోనూ, తడి గడ్డి మీదా ఘోరంగా జారుతుంది. మన రేవుల్లో నీటిదాకా వెళ్లే దారంతా బంకమన్నే కాబట్టి బండ మీద పడకపోయినా గట్టు దిగేటప్పుడు పడతారు.

రెండోది రబ్బరు. మెత్తని రబ్బరుకు లోతైన గాళ్లుండాలి. గట్టుదారిలోనూ గులకరాళ్ల మీదా ఇదే నమ్మకమైనది, పాచిబండ మీద మాత్రం ఫెల్టంత పట్టు ఇవ్వదు. ఆ లోటు తీర్చడానికి వచ్చింది మూడోది, రబ్బరులో బిగించిన లోహపు మేకులు. వీటిలో టంగ్‌స్టన్ కార్బైడ్‌వి మేలు, త్వరగా అరగవు. మేకు పాచిని చీల్చుకుని రాతిని గీరుతుంది. కానీ ఆరిన నున్నటి బండ మీదా, సిమెంటు మెట్ల మీదా అవే మేకులు కర్రుమంటూ జారతాయి. కాబట్టి గుడి రేవు మెట్లు దిగాక, నీటి అంచున కూర్చుని అప్పుడు వేసుకోండి.

నన్నడిగితే మన ఏళ్లకు మెత్తని రబ్బరు, దానికి కొన్ని మేకులు. ఫెల్టు వద్దనడానికి బురద ఒక్కటే కారణం కాదు. ఫెల్టు గంటల తరబడి తడి పీల్చుకుని ఉంటుంది, ఆ తడిలో ఒక ఏటి జీవాలు బతికి ఇంకో ఏటికి చేరతాయి. న్యూజీలాండ్ దక్షిణ దీవిలో 2004లో డిడిమో అనే నాచు బయటపడింది. రాళ్లన్నిటినీ తడి ఉన్నిలా కప్పేసే రకం అది, కొత్తచోట మొదలవడానికి ఒక్క కణం చాలు. జాలర్ల బూట్లూ సామానూ దాన్ని మోసుకెళ్తాయని 2008లో ఆ దేశం ఫెల్టు సోళ్లను నిషేధించింది. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో 2018 నుంచి అదే నియమం. పొద్దున నాగావళిలోనూ, మర్నాడు గుణుపురం దగ్గర వంశధారలోనూ దిగేవాళ్లు మనలో ఉన్నారు. గుర్రపుడెక్క ముక్కో, నత్తగుడ్లో మోసుకెళ్లకుండా బూట్లను బ్రష్‌తో రుద్ది కడిగి, ఎండలో పూర్తిగా ఆరాకే రెండో ఏటికి తీసుకెళ్లండి. వలనూ అలాగే ఆరబెట్టండి.

అంత ఖరీదైన బూట్లు సంతలో దొరకవు, అవసరమూ లేదు. మడమ మూసి ఉండి, లేసులు బిగించుకునే బూటు, సోలు మందం కనీసం సెంటీమీటరున్నర ఉన్నది చూడండి. బొటనవేలి గోటితో సోలును నొక్కితే నొక్కు పడి మళ్లీ పైకి రావాలి. గోరు దిగకుండా టిక్కుమంటే ఆ రబ్బరు తడిబండ మీద నిలవదు. ఆ తర్వాత చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్లి, రేకులకు కొట్టే పొట్టి స్క్రూలు, ఆరు పలకల తల ఉన్నవి, ముందుపాదం అంచునా మడమ చుట్టూ బూటుకు పన్నెండు పదిహేను వేయించండి. స్క్రూ పొడవు సెంటీమీటరు మించకూడదు. బిగించాక బూటులోకి చెయ్యి పెట్టి మొన తగులుతోందేమో వేళ్లతో వెతకండి. ఈ పని ఆయనకు వదిలేయకండి, కాలు మీది.

అదీ కుదరకపోతే పాత బూటుకు పాదం మధ్యన కొబ్బరితాడు నాలుగైదు చుట్లు బిగించి కట్టండి. ఒక్క పూటే నిలుస్తుంది, కానీ వట్టి రబ్బరు కంటే ఎంతో నయం. ఏది కట్టినా ముందు ఇంటి వెనుక బట్టలుతికే బండ మీద, తొలి వానలకు పాచి పట్టాక, గోడ పట్టుకుని నిలబడి ఒరిగి చూడండి.

హవాయి చెప్పులు, గట్టి ప్లాస్టిక్ గుబ్బలున్న ఆటబూట్లు, గమ్‌బూట్లు ఏటికి పనికిరావు. గమ్‌బూటులో నీరు నిండితే మనిషిని కిందికి లాగేస్తుందని చెబుతుంటారు. నీటిలో ఉన్నంతసేపూ ఆ నీటికి బరువుండదు. గట్టెక్కబోయేటప్పుడు మాత్రం కాలు లేవదు, ప్రమాదం అక్కడుంది. వట్టికాళ్లతోనూ వద్దు. సీసా పెంకు కోసిన గాయంలోంచి వరదనీటి ద్వారా ఎలుకజ్వరం పట్టుకునే కాలం ఇదే.

మంచి సోలున్నా నడక తెలియాలి. నాకు నేర్పింది మా రేవులో వల వేసే ఒక పెద్దాయన. "బాబూ, కాలు ఎత్తకు, జరుపు" అనేవారు. ఒక పాదాన్ని రాయి మీద ఆనించి, అది కదలదని తెలిశాకే రెండోదాన్ని నేలకు రాస్తూ జరపాలి. ప్రవాహానికి పక్కవాటుగా నిలబడి, భుజమెత్తు వెదురుకర్రను ఎగువ వైపు ఆనించాలి. బండ నెత్తిన కాలు వేయకండి, బండల మధ్య గులకలో వేయండి. మోకాలు దాటితే ఆగి ఆలోచించండి. నీటి వేగం రెండింతలైతే కాళ్ల మీద పడే తోపు నాలుగింతలవుతుంది. మోకాళ్ల లోతులో నిన్న నిలబడ్డ చోటే ఇవాళ నిలబడలేకపోవడానికి కారణం ఇదే.

ఏ సోలూ ఆపలేనిది వరద. నాగావళి పుట్టేది కలహండి కొండల్లో. అక్కడ కురిసిన వాన ఇక్కడ ఎండ కాస్తుండగా వచ్చి పడుతుంది. 2017 జూలై 16న నాగావళి, కల్యాణి నదులు ఒక్కసారిగా పొంగి తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనను ఊడ్చుకుపోయాయి. ఇనుప దూలాలే ఆగలేదు. నీటిరంగు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ గుంపులుగా తేలివచ్చినా, అడుగున రాళ్లు దొర్లే చప్పుడు వినిపించినా వల అక్కడే వదిలేసి గట్టెక్కండి. "ఇంకొక్క విసురు" అని ఆగకండి, దయచేసి.

పడిపోయి కొట్టుకుపోతుంటే లేచి నిలబడాలని చూడకండి. బండల సందులో పాదం ఇరుక్కుంటే వెనుక నుంచి వచ్చే నీరు మనిషిని ముందుకు వంచి తల ముంచేస్తుంది. వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువ వైపు నీటిమట్టానికి ఎత్తి పెట్టి, చేతులతో పక్కకు తెడ్డు వేస్తూ నీరు నెమ్మదించిన చోటికి చేరండి.

విసురు వల వేసేవాళ్లకు ఇంకొక మాట. వల తాడు చివర ఉచ్చును మణికట్టుకు బిగించడం అందరికీ అలవాటు. వల బండకు తగులుకుని మనిషి పడితే ఆ ఉచ్చే అతన్ని అక్కడ కట్టేస్తుంది. ఉచ్చును రెండు వేళ్లు సులువుగా పట్టేంత వదులుగా కట్టుకోండి, చెయ్యి కిందికి విదిలిస్తే జారిపోవాలి. ఇంట్లోనే, వలను బక్కెట్ నీళ్లలో తడిపి, బరువుతో సహా పదిసార్లు విదిలించి చూసుకోండి. ఒక్కసారి జారకపోయినా ముడి మార్చండి.