బర్మా వంటకు ఎండు రొయ్యలు, చేపలు ఎలా కొనాలి?

బాలచాంగ్ అంటే బర్మా వాళ్లు అన్నంలో కలుపుకునే ఎండు రొయ్యల కారం. అందులో పడేవి రొయ్యలు, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, మిరపకాయలు, కాస్త ఙపి (పులియబెట్టిన చేపల లేదా రొయ్యల ముద్ద), నూనె. ఇంత చిన్న వంటను జనం పొయ్యి మీద పాడుచేయరు. బజారులోనే పాడుచేసి ఇంటికి మోసుకొస్తారు. మా మామ్మ రంగూన్‌లో పుట్టింది. 1964లో అక్కడి దుకాణాలు జాతీయం చేశాక ఓడెక్కి విశాఖపట్నం వచ్చింది. ఇప్పటికీ బర్మా క్యాంప్ అని పిలిచే పేటలో కాపురం పెట్టింది. ఆవిడ వెనక సంచీ పట్టుకుని తిరుగుతూ నేర్చుకున్న సంగతులివి.

1. ముందు చేప సంగతి తేల్చేద్దాం

మొహింగా (చేపల పులుసులో బియ్యపు సేమియా) వండాలంటే మంచినీటి చేపే కొనాలి. బర్మాలో ఎక్కువగా వాడేది మార్పు (మీసాలుండే క్యాట్‌ఫిష్) జాతి చేప. మన బజార్లలో మార్పు పేరుతో అమ్మేది చాలాసార్లు ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. దాని పెంపకం మన దేశంలో నిషేధం, దాని జోలికి పోకండి. బతికున్న కొర్రమీను కేజీ తీసుకోండి, నలుగురికి సరిపోతుంది. వంజరం, చందువ లాంటివి ఇందులో వేస్తే డబ్బు దండగ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్లు వేటకు వెళ్లవు, సముద్రపు చేప ధర చుక్కలనంటుంది. మొహింగాకి ఆ బెడద లేదు. నిమ్మగడ్డి, అరటి దవ్వ, శనగపిండి ఎక్కడైనా దొరుకుతాయి.

2. ఎండు రొయ్యలు: ఇక్కడ తొందరపడకండి

కొట్లో "ఎండు రొయ్యలు" అని అడిగితే ఏదో ఒకటి పొట్లం కట్టేస్తారు. మీరు అడగాల్సింది రొయ్యపప్పు, అంటే తల, పెంకు తీసేసినది. రొయ్యపొట్టు వంకాయలోకి బాగుంటుంది గానీ బాలచాంగ్‌కి పనికిరాదు. పెంకు పళ్ల మధ్య గుచ్చుకుంటుంది. చిటికెన వేలి గోరంత సైజు చాలు. పెద్దవి చూడ్డానికి బాగుంటాయి, దంచేటప్పుడు చేతులు పడిపోతాయి.

మొదట రంగు చూడండి. రొయ్యను ఉప్పునీళ్లలో ఉడికించి ఎండబెడితే ఒకటి నారింజ రంగులో, ఇంకోటి పాలిపోయి, పొట్ట దగ్గర తెల్లగా, ఇలా తేడాతేడాగా ఉంటుంది. కుప్ప మొత్తం పెళ్లిబట్టల్లా ఒకే ఎరుపులో మెరుస్తుంటే అనుమానించండి. ఒకసారి అలాంటివే బేరమాడుతూ "రంగేశారా?" అని అడిగితే, "రంగేటి లేదు బాబూ, సముద్రం రంగే ఇది" అంది అమ్మే ఆవిడ. అరకేజీ కొన్నాను. ఇంట్లో గిన్నెలో వేసిన రెండు నిమిషాలకు నీళ్లు కుంకుమ కలిపినట్టయ్యాయి. అప్పటి నుంచి వాటర్ బాటిల్ మూతలో నీళ్లు పోసి, నాలుగు రొయ్యలు వేసి, కాసేపు ఆగాకే డబ్బులు తీస్తున్నాను. కొట్టువాళ్లు మూతి ముడుచుకుంటారు. ముడుచుకోనివ్వండి. నీళ్లు కాస్త పసుపుగా మారితే ఫరవాలేదు, ఎర్రబడితే లేచి వచ్చేయండి.

తర్వాత తడి. గుప్పెడు తీసుకుని గట్టిగా పిసికి చెయ్యి తెరవండి. గలగలమంటూ రాలిపోవాలి. ముద్దకట్టినా, అరచేయి జిగటగా అనిపించినా తూకం కోసం ఉప్పునీళ్లు చల్లారన్నమాట. అలాంటివి వారంలో బూజు పడతాయి. ఒక్కటి తీసి వంచండి. టక్కున విరగాలి, లేదా గట్టిగా ఎదురు తిరగాలి. రబ్బరులా వంగితే ఎండలేదు. వానాకాలంలో ఈ పరీక్ష నెగ్గే సరుకు తక్కువ. అందుకే మాఘ, ఫాల్గుణ మాసాల ఎండలకు ఎండిన సరుకే ఏడాదికి సరిపడా కొంటాం మేము.

వాసన పైన చూడకండి, చెయ్యి గోనెసంచి మధ్యలోకి పోనిచ్చి తీసింది చూడండి. పైన కొత్త సరుకు, అడుగున పాతది పెట్టడం మామూలే. సముద్రం వాసన, దాని వెనక కాస్త తియ్యదనం రావాలి. ముక్కు కన్నా ముందు కళ్లకు ఘాటు తగిలితే అది కుళ్లు మొదలైన సరుకు. చివరగా ఒకటి నమలండి. ముందు ఉప్పు, ఆ తర్వాత తీపి రావాలి. ఉప్పు ఒక్కటే ఉండిపోతే మీరు రొయ్యల ధరకు ఉప్పు కొంటున్నట్టు. ఇసుక కరకరమంటే ఎంత చవకైనా వద్దు, ఎన్నిసార్లు కడిగినా పోదు.

3. ఙపి

ఙ అంటే చేప, పి అంటే నొక్కినది. మాకు నోరు తిరక్క ఇంట్లో "నప్పి" అనేవాళ్లం. చేపతో చేసింది మొహింగాలోకి, చిన్న రొయ్యలతో చేసింది బాలచాంగ్‌లోకి. సింగపూర్‌లో ఉండేవాళ్లకు పెనిన్సులా ప్లాజాలోని బర్మా కొట్లలో దొరుకుతుంది. దొరకనివాళ్లు థాయ్ రొయ్యల ముద్ద వాడుకోవచ్చు. ఫిష్ సాస్ మాత్రం దీనికి బదులు కాదు. రొయ్య పడనివాళ్లకు ఇదీ పడదు, వడ్డించే ముందు అడగండి.

4. సీసాలో రెడీమేడ్ కొంటే

లేబుల్ మీద పదార్థాల్లో మొదటి పేరు చదవండి. ఎక్కువ బరువున్నదే ముందు రాస్తారు. అక్కడ ఉల్లిపాయ ఉంటే అది ఉల్లికారం. రొయ్య ఉంటేనే కొనండి.

5. ఇంటికొచ్చాక

పావుకేజీ రొయ్యపప్పును కడిగి, పది నిమిషాలు నానబెట్టి, వార్చి, బట్ట మీద ఆరబెట్టండి. రాత్రంతా నానబెట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి, రుచంతా ఆ నీళ్లతో సింకులోకి పోతుంది. రోట్లో దూదిపింజల్లా విడిపోయేదాకా దంచండి. మిక్సీ వద్దు. మిక్సీ పొడి చేస్తుంది, పొడి నూనె తాగి ముద్దవుతుంది, పింజలైతే కరకరలాడతాయి. మా చెల్లెలు ఇరవై ఏళ్లుగా మిక్సీయే వాడుతోంది, ఇరవై ఏళ్లుగా ఆమె బాలచాంగ్ పచ్చడిలా ఉంటోంది.

పావులీటరు నూనెలో 150 గ్రాముల వెల్లుల్లి, పావుకేజీ చిన్న ఉల్లిపాయల తరుగు విడివిడిగా సన్నసెగ మీద వేయించి, బంగారు రంగు రాకముందే తీసేయండి, గిన్నెలో మిగతా రంగు వస్తుంది. అదే నూనెలో పసుపు, చెంచా ఙపి, తర్వాత రొయ్యపింజలు వేయించండి. పొయ్యి ఆపేసి కచ్చాపచ్చా మిరపపలుకులు, కాస్త చింతపండు గుజ్జు కలిపి, మళ్లీ చిన్న సెగ మీద తడి ఆరనిచ్చి, పూర్తిగా చల్లారాక వేయించిన ఉల్లి, వెల్లుల్లి కలపండి. ఙపి నూనెలో పడే ముందు కిటికీలు తెరిచి, పెరట్లో ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకోండి. నేను ఒకసారి మరిచిపోయి ఆఫీసుకు వేసుకెళ్లిన చొక్కా మూడుసార్లు ఉతికినా వాసన వదల్లేదు.